క్లినిక్‌లో ఏఐ ఆన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

ముందు కరెంటు, నెట్ సంగతి చూడండి, సిగ్నల్ పోతే ఆ టూల్ ఆఫ్‌లైన్‌లో నడుస్తుందా, నడవకపోతే ఆ టైంలో పేషెంట్‌ని ఎలా చూడాలో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక అసలు విషయం, దానికి ఎవరి డేటాతో ట్రైనింగ్ ఇచ్చారో అడగండి. డబ్బున్న దేశాల పెద్దాసుపత్రుల ఫోటోలతో నేర్చుకున్నది, పాత మెషీన్‌తో తీసిన ఫోటో చూస్తే తడబడొచ్చు. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో షుగర్ పేషెంట్ల కంటి ఫోటోలు చూసే గూగుల్ ఏఐ, గదిలో వెలుతురు లాంటి చిన్న కారణాలకే, దాదాపు 21 శాతం ఫోటోలు క్వాలిటీ చాలదని తిప్పి పంపింది (ల్యాబ్‌లో మాత్రం సూపర్ అట!). అందుకే మీ పాత కేసుల మీద ట్రై చేసి, డాక్టర్ చెప్పినదానితో పోల్చి చూసుకోండి.

ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీ ఉందేమో చెప్పే ఏఐ సాఫ్ట్‌వేర్‌కి డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఓకే చెప్పింది, కానీ 15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లకే, చిన్నపిల్లలవి దానికి పెట్టకండి. పైగా అది డౌట్ మాత్రమే చెప్తుంది, కఫం టెస్ట్ చేయాల్సిందే.

పేషెంట్ పేరు, ఫోన్ నంబర్ ఫ్రీ చాట్‌బాట్‌లో కొట్టొద్దు, ప్లీజ్. అది చెప్పిన మందు డోసు పుస్తకంలో చూడకుండా ఇవ్వొద్దు, ఎంత ధీమాగా చెప్పినా సరే.

ఏఐ తప్పు చెప్తోందనిపిస్తే నర్సు కాదనొచ్చా, ఎవరికి చెప్పాలి, ఇది మొదటి రోజే తేల్చుకోండి.