ఫైనైట్ ఎలిమెంట్ ఫలితాలు: ఈ అంకె ఎక్కడ పుట్టింది?

వస్తువును ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సిమ్యులేషన్ పూర్తయింది, ఎర్రర్ ఏదీ రాలేదు, అయినా ఫలితం నమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది మెటీరియల్ డేటానో మెష్‌నో (ఆ ముక్కల అల్లికను) అనుమానిస్తారు. నేను మాత్రం ముందుగా ఒకటే చూస్తాను: తెర మీద కనిపిస్తున్న ఈ అంకె ఎక్కడ పుట్టింది? స్థానభ్రంశం, ఉష్ణోగ్రత వంటివి నోడ్ల (ఎలిమెంట్లు కలిసే బిందువుల) దగ్గర నేరుగా లెక్కకు వస్తాయి. స్ట్రెస్ (లోపలి ఒత్తిడి), స్ట్రెయిన్ (రూపంలో వచ్చే మార్పు నిష్పత్తి) ఎలిమెంట్ లోపలి గాస్ పాయింట్ల (లెక్క కోసం ఎంచుకున్న బిందువుల) దగ్గర పుడతాయి. అక్కడి నుంచి నోడ్‌కు, నోడ్ నుంచి రంగుకో గ్రాఫ్‌కో చేరేలోపు ప్రతి మజిలీలోనూ సాఫ్ట్‌వేర్ కొంత ఊహ కలుపుతుంది. కింది సమస్యలు దాదాపు అన్నీ ఆ దారిలో వచ్చినవే.

సమస్య: ఈల్డ్ స్ట్రెస్ (లోహం శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే హద్దు) 250 మెగాపాస్కల్ ఇచ్చాను, హార్డెనింగ్ (రూపు మారేకొద్దీ గట్టిపడటం) లేదు. చిత్రంలో 276 కనిపిస్తోంది.

ముందు మీరు చూస్తున్నది వాన్ మీసెస్ స్ట్రెస్సేనా (అన్ని దిశల స్ట్రెస్‌లను కలిపి ఈల్డ్‌తో పోల్చే ఒకే అంకె) అని చూసుకోండి. మూడు దిశల్లోనూ లాగుడు ఉన్నచోట ప్రిన్సిపల్ స్ట్రెస్ ఈల్డ్‌ను దాటడం తప్పేమీ కాదు.

వాన్ మీసెస్సే అయితే కారణం చాలావరకు ఎక్స్‌ట్రాపొలేషన్, అంటే తెలిసిన బిందువులకు బయట విలువను అంచనా వేయడం. నాలుగు గాస్ పాయింట్లున్న చతురస్ర ఎలిమెంట్‌ను తీసుకోండి. మధ్య నుంచి అంచుకు దూరం 1 అనుకుంటే, గాస్ పాయింట్లు ప్రతి దిశలోనూ 0.577 దగ్గరే ఉంటాయి. మూలలోని నోడ్ వాటికి బయట ఉంది. అక్కడి విలువ కోసం సాఫ్ట్‌వేర్ దగ్గరి పాయింటును 1.866తో, పక్కనున్న రెండింటినీ -0.5తో, ఎదుటిదాన్ని 0.134తో గుణించి కలుపుతుంది. దగ్గరి పాయింటులో 250, పక్కవాటిలో 220, 210, ఎదుట 180 ఉన్నాయనుకోండి. కలిపి చూస్తే మూలలో దాదాపు 276 వస్తుంది. నాలుగు పాయింట్లలో ఏదీ 250 దాటలేదు, సాల్వర్ (లెక్క చేసే భాగం) తప్పు చేయలేదు. ఆ 276 లెక్క అయిపోయిన తర్వాత పుట్టిన అంకె.

తుల్య ప్లాస్టిక్ స్ట్రెయిన్ (శాశ్వత మార్పు మొత్తాన్ని చెప్పే అంకె) ఋణాత్మకంగా కనిపించడానికీ ఇదే మూలం. నాలుగు పాయింట్లలో 0, 0.010, 0.010, 0.020 ఉంటే, సున్నా ఉన్న వైపు మూలలో -0.0073 వస్తుంది. అలాంటి స్ట్రెయిన్ ప్రకృతిలో లేదు.

పరిష్కారం: విలువలను గాస్ పాయింట్ల దగ్గరే చూడండి. లేదా ఎక్స్‌ట్రాపొలేషన్ ఆపి, గాస్ పాయింటు విలువనే దగ్గరి నోడ్‌కు కాపీ చేయమనండి. ఆన్సిస్ సాఫ్ట్‌వేర్‌లో ఈఆర్ఈఎస్ఎక్స్ కమాండ్ ఉన్నది ఇందుకే. ప్లాస్టిక్ దశలోకి వెళ్లిన ఎలిమెంట్లకు అది డిఫాల్ట్‌గానే కాపీ చేస్తుంది. కాపీకీ ఒక ఖరీదు ఉంది. వంగుతున్న భాగంలో అసలు గరిష్ఠం ఉపరితలం మీద ఉంటుంది, గాస్ పాయింటు దానికి లోపల ఉంటుంది. మెష్ ముతకగా ఉంటే ఉపరితలపు స్ట్రెస్ తక్కువగా కనిపిస్తుంది. గాస్ పాయింట్ల దగ్గర కూడా 250 దాటితే, అప్పుడు మెటీరియల్ డేటా తెరవండి.

సమస్య: రెండు లోహాలు కలిసేచోట స్ట్రెస్ ఏ లోహానికీ చెందని విలువ చూపుతోంది.

ఒకే నోడ్‌ను పంచుకునే ఎలిమెంట్లు ఒక్కొక్కటీ ఒక్కో విలువ ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ వాటిని సగటు చేస్తుంది. ఒకే లోహంలో ఇది మంచిదే. ఉక్కు, అల్యూమినియం కలిసేచోట అతుకు వెంబడి ఉండే స్ట్రెస్ నిజంగానే ఒక్కసారిగా మారుతుంది. దాన్ని సగటు చేస్తే రెండూ పోతాయి. సగటును మెటీరియల్ వారీగా, భాగాల వారీగా పరిమితం చేయండి. షెల్ (పలుచని రేకు) మోడల్ అయితే నార్మల్‌ల (ఏది పైముఖమో చెప్పే లంబాల) దిశ కూడా చూడండి. పక్కపక్క ఎలిమెంట్లలో ఒకటి తలకిందులైతే పైముఖం విలువా కిందిముఖం విలువా కలిసిపోతాయి. వంపు స్ట్రెస్ ఒకటి ధనం, ఒకటి ఋణం కనుక, ఫలితం హాయిగా సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది!

అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో సగటు పరిమితి (పక్క ఎలిమెంట్ల విలువల తేడా ఎంత శాతం లోపు ఉంటే సగటు చేయాలో చెప్పేది) డిఫాల్ట్‌గా 75 శాతం. దాన్ని 0 చేస్తే సగటు లేని చిత్రం, 100 చేస్తే పూర్తిగా సగటు చేసిన చిత్రం వస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. తేడా పెద్దగా ఉన్నచోట మెష్ చాలలేదని అర్థం. 1987లో పరిశోధకులు జియెన్‌కీవిచ్, జూ ప్రతిపాదించిన దోష అంచనా పద్ధతికి పునాది ఇలాంటి తేడానే. మెష్ ఎంత సన్నం చేసినా లోపలి పదునైన మూలలో స్ట్రెస్ పెరుగుతూనే ఉంటే మాత్రం ఇంటర్‌పొలేషన్‌ను (తెలిసిన బిందువుల మధ్య విలువల అంచనాను) నిందించకండి. గుండ్రదనం లేని అలాంటి మూలలో ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారమే స్ట్రెస్‌కు హద్దు లేదు.

సమస్య: రంధ్రం చుట్టూ గీసిన పాత్ (విలువలు చదివే గీత) గ్రాఫ్‌లో ఖాళీలు వస్తున్నాయి.

మీ పాత్ నిజమైన వృత్తం మీద ఉంది, మెష్ అంచులు సరళరేఖలు. ఆ రెంటి మధ్య సందు ఉంటుంది. వ్యాసార్ధం 10 మి.మీ., ఎలిమెంట్‌కు 15 డిగ్రీలు అయితే ఆ సందు 0.086 మి.మీ. దాకా వస్తుంది. గుండ్రని కడ్డీ బయటి అంచున పాత్ గీస్తే ఆ సందులోని పాయింట్లు ఏ ఎలిమెంట్‌లోనూ పడవు. రంధ్రం దగ్గర తరచూ ఎదురయ్యేది వేరే చిక్కు: వ్యాసార్ధాన్ని కొద్దిగా తక్కువగా కొడితే పాయింట్లు గాలిలో పడతాయి. నోడ్ల మీదుగానే పాత్ ఎంచుకుంటే రెండూ తీరతాయి.

సమస్య: ఒక మెష్‌లోని ఉష్ణోగ్రతలను ఇంకో మెష్‌కు తెచ్చాను. మెట్లు మెట్లుగా ఉన్నాయి.

అతి దగ్గరి నోడ్ విలువను కాపీ చేసే పద్ధతి ఎంపికై ఉంటుంది. షేప్ ఫంక్షన్ (నోడ్ల విలువలను ఎలిమెంట్ లోపల సాఫీగా కలిపే సూత్రం) ఆధారిత పద్ధతికి మార్చండి. అంతా ఒకే ఉష్ణోగ్రత వస్తే యూనిట్లు చూడండి: ఒక మోడల్ మీటర్లలో, ఇంకోటి మిల్లీమీటర్లలో ఉంటే ఒకటి రెండోదాని పక్కన చుక్కలా మిగులుతుంది. పీడనం, ఉష్ణోగ్రతల విషయంలో స్థానిక విలువ నిలవాలి. నోడ్ బలాల విషయంలో మొత్తం నిలవాలి, కనుక బదిలీకి ముందూ తర్వాతా వాటిని కూడి సరిచూడండి.

సమస్య: కోణాల చిత్రంలో ఒకే గీత వెంట 180 డిగ్రీల పట్టీ.

359, 1 సగటు 180. కోణాన్ని కాక, దాని సైన్, కోసైన్‌లను ఇంటర్‌పొలేట్ చేసి, తర్వాత కోణం తీయండి.

సమస్య: యానిమేషన్‌లో కంపనమే లేదు, రియాక్షన్ బలం (ఆధారాల దగ్గరి ఎదురు బలం) మాత్రం ఊగుతోంది.

సాల్వర్ 0.001 సెకను అడుగులతో నడిచినా, చిత్రానికి ఫలితాలను 0.01 సెకనుకోసారి భద్రపరిచారనుకోండి. 50 హెర్ట్జ్ కంపనానికి ఆవృత్తి కాలం 0.02 సెకను. నమోదులన్నీ సున్నా దాటే క్షణాల్లోనే పడితే, మధ్యలో సాఫ్ట్‌వేర్ గీసేది చదునైన గీతే. మొత్తం మోడల్‌ను ప్రతి అడుగులో భద్రపరిస్తే డిస్క్ నిండుతుంది. అందుకే ముఖ్యమైన నాలుగైదు నోడ్లకు మాత్రం ప్రతి అడుగు విలువనూ హిస్టరీ ఔట్‌పుట్‌గా అడిగి, లెక్కను మళ్లీ నడపండి.