కోరంగి వెళ్లే ముందు పోటు వేళ అడగండి

సంక్రాంతికి వచ్చిన చుట్టాలను కాకినాడ దగ్గరున్న కోరంగి మడ అడవికి, హోప్ ఐలాండ్‌కి తీసుకెళ్దామనుకుంటే, ముందు ఆటుపోట్లు చూసుకోండి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే పాయలు నిండుతాయి. నీరు తీసేస్తే బురద తేలి పడవ లోపలికి వెళ్లడం కష్టం. పైగా పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే మొన్న వెళ్లొచ్చిన వాళ్లు చెప్పిన టైమ్ మీకు పనికిరాదు. ముందురోజే ఫారెస్టు వాళ్లనో, పడవ వాళ్లనో అడగండి. ఉదయం పోటు పడే రోజు దొరికితే ఎండ బాధ కూడా ఉండదు.

నీరు తీసిందని టెన్షన్ పడక్కర్లేదు. చెక్క వంతెన మీద నడవండి. పీతలు, పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు అప్పుడే బాగా కనిపిస్తాయి. పిల్లలకైతే నాకు పడవ కన్నా ఇదే నచ్చుతుంది.

హోప్ ఐలాండ్ మాత్రం వేరే సంగతి. కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డుగా నిలిచిన ఇసుక దీవి అది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. ఇసుకలో గుంటలు తవ్వనివ్వకండి. మంచినీళ్లు, భోజనం ఇంటి నుంచే పట్టుకెళ్లి, ఖాళీ సీసాలు, కవర్లు అన్నీ వెనక్కి తెచ్చేయండి.