ర్యాఫ్ట్ పునాది 3వ భాగం: బరువు ఒక పక్కకు ఒరిగితే

పోయిన భాగంలో సాయిల్ రిపోర్ట్ చదవడం చూశాం కదా, ఇప్పుడు అందులో నేల ఎంత మోయగలదో చెప్పే అంకెతో అసలు ర్యాఫ్ట్ (బిల్డింగ్ మొత్తానికీ అడుగున పరిచే ఒకే కాంక్రీటు పలక) కావాలో వద్దో తేల్చుకుందాం.

12 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉన్న బిల్డింగ్ అనుకోండి. కాలమ్‌లన్నీ కలిపి దించే బరువు 14,400 కిలోన్యూటన్లు, నేల భద్రంగా మోయగలిగేది చదరపు మీటరుకు 100. ఒక్కో కాలమ్ కింద వేసే విడివిడి ఫుటింగ్‌లకు 144 చదరపు మీటర్లు కావాలి, ఉన్న జాగానే 180! మామూలుగా ఫుటింగ్‌లు సగం జాగా దాటితేనే ర్యాఫ్ట్ వైపు చూస్తారు, కాబట్టి ఇక్కడ తటపటాయించక్కర్లేదు. నేల ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉన్నా ర్యాఫ్టే మేలు, ఎందుకంటే బిల్డింగ్ మొత్తం సమంగా కుంగితే గోడలకు పెద్దగా ఏమీ కాదు, ఒక కాలమ్ ఎక్కువ, పక్కది తక్కువ కుంగితేనే బీటలు పడతాయి. కానీ అడుగున చాలా లోతు వరకు మెత్తటి బంకమట్టే ఉంటే ర్యాఫ్ట్ ఒక్కటే గట్టెక్కించదు. పునాది ఎంత వెడల్పయితే ఒత్తిడి అంత లోతుకు దిగుతుంది, అప్పుడు పైల్స్ (బరువును లోతున ఉన్న గట్టి నేలకు చేర్చే పొడవాటి స్తంభాలు) గురించి ఆలోచించాలి.

సరే, లెక్క. 14,400ను 180తో భాగిస్తే నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు 80 కిలోన్యూటన్లు. మందం 600 మిల్లీమీటర్లు అనుకుంటే ర్యాఫ్ట్ సొంత బరువు 0.6 × 25 (ఘనపు మీటరు కాంక్రీటు బరువు), అంటే 15. మొత్తం 95, వందలోపే ఉంది, హమ్మయ్య అని చాలామంది ఇక్కడే కాగితం మడిచేస్తారు. కానీ లిఫ్టు, వాటర్ ట్యాంకు ఒకే చివర ఉండి, బరువుల కేంద్రం పొడవు దిశలో 0.3 మీటర్లు జరిగిందనుకోండి. మొమెంట్, అంటే ర్యాఫ్ట్‌ను ఒక పక్కకు ఒరగదోసే ప్రభావం, 14,400 × 0.3 = 4,320. దాన్ని సెక్షన్ మాడ్యులస్‌తో (వెడల్పు × పొడవు² ÷ 6), ఇక్కడ 12 × 15² ÷ 6, అంటే 450తో భాగిస్తే అంచున పెరిగే లేదా తగ్గే ఒత్తిడి 9.6. బరువున్న అంచున ఒత్తిడి 104.6, అవతలి అంచున 85.4. ఫెయిల్!

మందం పెంచితే సొంత బరువు పెరిగి ఇంకా చెడుతుంది. బరువున్న వైపు ర్యాఫ్ట్‌ను 0.6 మీటర్లు బయటికి లాగండి, దాని కేంద్రం 0.3 జరిగి బరువుల కేంద్రం కిందికే వస్తుంది. వైశాల్యం 187.2, ఒత్తిడి 76.9 + 15, అంటే అన్ని చోట్లా దాదాపు 92. అటువైపు స్థలం హద్దు అడ్డొస్తే మాత్రం ఈ కిటుకు పనిచేయదు, ట్యాంకునే అవతలికి మార్చమని ఆర్కిటెక్ట్‌తో పోట్లాడాలి.

ర్యాఫ్ట్ వంగకుండా బిగుసుకుని ఉంటుందన్న లెక్క ఇది. నిజానికి పల్చటి ర్యాఫ్ట్‌లో కాలమ్‌ల కింద ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, అది 5వ భాగంలో. వచ్చే భాగంలో పంచింగ్ షియర్, అంటే కాలమ్ ర్యాఫ్ట్‌ను పొడుచుకుని దిగే ప్రమాదం. ఈలోగా 0.3 బదులు 0.5తో ఇదే లెక్క చేయండి: పొడిగించకముందు 111, ఈసారి 1 మీటరు పొడిగించాక 90 రావాలి.