షిఫ్టు మారేటప్పుడు టీమ్‌ను ఎలా నడపాలి?

విశాఖ దగ్గర గాజువాక, పరవాడ వైపు చాలా ఫ్యాక్టరీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. షిఫ్టు ఇన్‌ఛార్జి ఎలాంటివాడో టీమ్‌కు తెలిసిపోయేది షిఫ్టు మారే ఆ కాసేపట్లోనే.

20 నిమిషాలు ముందే చేరుకోండి. కుర్చీలో కూర్చుని చార్జి తీసుకోవద్దు. దిగిపోయే ఇన్‌ఛార్జితో కలిసి యంత్రాల దగ్గరకు నడవండి. లాగ్‌బుక్‌లో “పంపు ట్రబుల్ ఇస్తోంది” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయించండి: “2వ నంబరు పంపు గ్లాండు లీకు. 4:20కి నట్లు బిగించాం, 5 గంటలకు మళ్ళీ కారింది. ఆపేసి 1వ నంబరు నడుపుతున్నాం. కరెంటు తీసి తాళం వేశాం, పర్మిట్ క్లోజ్ కాలేదు.” ఆ చివరి వాక్యమే ప్రాణం: మరమ్మతుకు ఇచ్చిన అనుమతి పత్రం (పర్మిట్) ఇంకా ముగియలేదంటే, పని ఇంకా సాగుతోందని అర్థం. దాన్ని నోటిమాటగా వదిలేస్తే కొత్త షిఫ్టులో ఎవరో ఒకరు స్విచ్ వేస్తారు. అప్పటికి ఫిట్టర్ చెయ్యి పంపునూ మోటారునూ కలిపే కప్లింగ్ మీదే ఉండొచ్చు.

తర్వాత టీమ్‌ను, కాంట్రాక్టు కార్మికులతో సహా, ఒకచోట నిలబెట్టి మాట్లాడండి. పది నిమిషాలు చాలు. పని పేరు పెట్టి అప్పగించాలి; “ఎవరైనా ఆ వాల్వు చూడండి” అంటే ఎవరూ చూడరు. “అర్థమైందా?” అని అడిగితే అందరూ తలూపుతారు. అందుకని “అప్పారావుగారూ, ముందు ఏది మూస్తారు?” అని అడిగి ఆయన నోటే చెప్పించండి. ఒడిశా, బిహార్ వాళ్ళుంటే అదే మాట హిందీలో ఇంకోసారి చెప్పండి. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో కాదు, పక్కకు పిలిచి అడగండి.

రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టుకు రావలసిన మనిషి, రాని రోజున డబుల్ డ్యూటీ ఎప్పుడూ కాదనలేని మనిషి మీదే పడుతుంది. టీమ్‌లు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎవరు ఏ తేదీన ఆగారో రాసి గోడకు అంటించండి, వంతు అందరికీ కనిపించాలి. ఓటీ (ఓవర్‌టైమ్) గంటల మీద ఆ రోజే సంతకం పెట్టండి. రాత్రంతా పనిచేసిన మనిషిని ఎత్తు మీద పనికి ఎక్కించవద్దు.

టీమ్ వాళ్ళ ఫోన్ నంబరు, ఇల్లు, బ్లడ్ గ్రూపు, దగ్గర్లో ఉండే తోటి ఉద్యోగి పేరు కాగితం మీద కూడా ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటుతోపాటు సెల్ సిగ్నల్ కూడా పోయింది. ఏటా తుఫాన్ల కాలానికి ముందు, సెప్టెంబరులో ఈ కాగితం సరిచూడండి.

మీరు దిగేటప్పుడు, బయట బస్సు హారన్ కొడుతున్నా సరే, వచ్చినవాళ్ళు లాగ్‌బుక్ చదివి సంతకం పెట్టాకే గేటు వైపు కదలండి.