చలికాలానికి పశువుల నీళ్ల తొట్టిని ఎంచుకోవడం

బెంగళూరు శివార్లలో, హోసకోట, ఆనేకల్ వైపు పాడి ఆవులను పెంచుకునే మన తెలుగువారు తొట్టి కొనేటప్పుడు చలికాలాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. పాలలో దాదాపు 87 శాతం నీరే కనుక, జనవరి తెల్లవారుజామున రాత్రంతా చల్లబడిన నీటిలో ఆవు మూతి ముంచి, రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకుంటే, ఆ లోటు పాల దిగుబడిలో కనబడుతుంది.

పలుచని రేకు తొట్టి వేడిని త్వరగా వదిలేస్తుంది. మందపాటి ప్లాస్టిక్‌ది మేలు. బోరు నీరు ఆ వేళ గోరువెచ్చగా వస్తుంది కాబట్టి, తాగేకొద్దీ ఫ్లోట్ వాల్వుతో నిండే చిన్న తొట్టినే నేను ఎంచుకుంటాను. నాచు కడిగేందుకు అడుగున రంధ్రం ఉండాలి.

నీరు గడ్డకట్టే లద్దాఖ్ వంటి చోట్ల హీటరున్న తొట్టి అవసరం. దానికి ఎర్తింగు తప్పనిసరి, ఎందుకంటే కాస్త కరెంటు తగిలినా ఆవు ఆ తొట్టి దగ్గరికి రావడానికే జంకుతుంది.