తొలకరి పచ్చికను చూసి మురిసిపోకండి: వానలకు ముందు గొర్రెలు, మేకల విషయంలో జాగ్రత్తలు

ఎండాకాలమంతా ఎండుగడ్డి కొరికి డొక్కలు ఎండిన మంద, తొలకరి పడ్డ వారానికే లేచిన పచ్చిక మీద పడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. వానాకాలం జబ్బులు చాలావరకు ఆ లేత గడ్డిలోంచే నోట్లోకి వెళతాయి. అందుకే ఇంకా నేల నెర్రెలు విచ్చి ఉండగానే, అంటే వానలకు నెల, నెలన్నర ముందే పని మొదలుపెట్టాలి.

ముందు నట్టల సంగతి, అంటే జీవాల కడుపులో చేరే పురుగుల సంగతి. రకాలు చాలా ఉన్నా, వెచ్చటి తడి కాలంలో మందను నిలువునా దెబ్బతీసేది హీమాంకస్ అనే సన్నటి పురుగు. అది నాలుగో పొట్ట గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. చచ్చిన జీవాన్ని కోసి చూస్తే ఆడపురుగు ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్కొక్కటి రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. పెంటికలతో పాటు బీట్లో పడిన ఆ గుడ్లకు తడి, వెచ్చదనం దొరికితే చాలు, వారం తిరిగేసరికి పిల్లపురుగులై గడ్డిపరకల మీది తడిలో పైకి పాకుతాయి. వాటిని మేసిన జీవం కడుపులో మూడు వారాలకు అవీ గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి. ఎండలకు బయట ఉన్నవి మాడిపోతాయి గానీ, కడుపులో దాగినవి వాన కోసం కాచుకుని కూర్చుంటాయి.

ఈ పిల్లపురుగులు ఎక్కువ ఎత్తుకు పాకలేవు. చాలామటుకు నేల నుంచి రెండు మూడు అంగుళాల లోపే ఉంటాయి. కాబట్టి మందు కంటే ముందు చూడాల్సింది గడ్డి ఎత్తు. జానెడు పెరిగాక తోలండి, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే తీసేయండి. నున్నగా గొరిగినట్టు మేపిన బీడు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నిజానికి అంతకంటే ప్రమాదకరమైనది లేదు. పొద్దున్నే మంచు ఆరకముందు తోలకండి. బీడును మడులుగా విడగొట్టుకోగలిగితే, వేడి, తడి కలిసిన కాలంలో ఒక్కో మడిలో మూడు నాలుగు రోజులు మేపి, మళ్లీ నెల దాటాకే అందులోకి రానివ్వండి. చల్లటి చోట పురుగులు నెలల తరబడి బతుకుతాయి, అక్కడ ఈ లెక్క సరిపోదు.

మేక సంగతి వేరు. అది తల పైకెత్తి ఆకు, అలము తినే జీవం. పొదలున్న చోట వదిలితే సగం బాధ దానంతట అదే తప్పుతుంది. గొర్రెలతో పాటు పొట్టి గడ్డి మీదకు తోలితే మాత్రం గొర్రె కంటే ముందు మేకే పడిపోతుంది, ఎందుకంటే నట్టలను తట్టుకునే శక్తి దానికి తక్కువ.

ఇక నట్టల మందు. మందలోని జీవాలన్నిటికీ ఒకే రోజు, కంటి అంచనాతో తాగించడం చాలామందికి అలవాటు. నా మటుకు నాకు ఇది నచ్చదు. అలా చేస్తూ పోతే మందుకు లొంగని పురుగులే మిగిలి, వాటి సంతానమే బీడంతా నిండుతుంది. కింది కనురెప్పను కాస్త కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు. పాలిపోయి తెల్లబడితే వెంటనే తాగించాలి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా కార్డు మీద ఈ రంగులకు 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. 4, 5 వచ్చినవాటికి మందు తప్పదు. పిల్లలకు, చూడివాటికి, పాలిచ్చేవాటికి 3 వచ్చినా తాగించడమే మేలు. వానాకాలంలో రెండు వారాలకోసారి చూస్తుండాలి. ఈ పరీక్ష రక్తం తాగే పురుగుకే పనికొస్తుంది. నత్తలున్న చిత్తడి నేలల్లో వచ్చే కార్జపు (కాలేయపు) జలగకు వేరే మందు, వేరే లెక్క.

మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూకం వేయండి. చాలా మందుల విషయంలో గొర్రె మోతాదు మేకకు చాలదు, కొన్నింటిని పెంచితే విషమవుతుంది, అందుకే పశువైద్యుణ్ణి అడగకుండా కొలత మార్చకూడదు. చూలు నిలిచిన మొదటి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు వద్దు. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మూతిని నేలకు సమంగా పట్టి, నోటి పక్కనుంచి నాలుక వెనక్కి పోయండి.

టీకాల్లో వానకు ముందు తప్పనిసరి చిటుక రోగానిది. బలంగా, బాగా మేసే పిల్లే సాయంత్రం బాగుండి తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. మేత ఒక్కసారిగా మారినప్పుడు పేగుల్లో ఉండే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి విషం వదలడమే కారణం. మొదటిసారి వేయించేవాటికి కొన్ని వారాల ఎడంతో రెండో మోతాదు కూడా పడాలి, ఆ తర్వాత శక్తి రావడానికీ రోజులు పడుతుంది. నెల ముందే అన్నది ఇందుకే. కొత్త పచ్చిక మీదకు మొదటి వారం గంట, రెండు గంటలే వదిలి, తోలే ముందు ఎండుగడ్డి పెట్టండి. దీంతో కడుపు ఉబ్బరమూ తగ్గుతుంది. నోటిపుండ్లు, పారుడు తెచ్చే పీపీఆర్ టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు కాపాడుతుంది. మిగతావి మీ ప్రాంతంలో ఏవి వస్తున్నాయో వైద్యుడే చెబుతాడు.

దొడ్డి నేల ఎత్తుగా, నీరు నిలవకుండా ఉండాలి. పెరిగిన గిట్టలను నేల ఎండి ఉండగానే కత్తిరించి ఉంచండి. గిట్టలు కుళ్లితే 10 లీటర్ల నీటికి కిలో జింక్ సల్ఫేట్ కలిపి, ముందుగా నీళ్లు తాగించిన జీవాలను అందులో పావుగంట నిలబెట్టి పొడి నేల మీదకు తోలాలి. దాహంతో ఉన్నవి ఆ నీళ్లే తాగేస్తాయి. మైలుతుత్తం జోలికి మాత్రం పోవద్దు. అందులోని రాగి గొర్రెల కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది. పశువులకో మేకలకో చేసిన ఖనిజ లవణ ఇటుకను గొర్రెలకు కట్టకూడదన్నదీ ఇందుకే.

కొత్తగా కొన్నవాటిని నెల రోజులు విడిగా కట్టండి. మందుకు లొంగని నట్టలు, గిట్టల కుళ్లు, పీపీఆర్ మందలోకి వచ్చే దారుల్లో ఇలా కొని తేవడం ఒకటి, పైగా మన చేతుల్లో ఉన్నది. ఆ నెలలో కనురెప్ప, గిట్టలు, పెంటికలు చూసుకోవచ్చు. దవడ కింద మెత్తటి సంచిలా నీరు దిగినా, మందలో అన్నిటికంటే వెనకబడి నడుస్తున్నా, మర్నాటి దాకా ఆగకుండా చూపించండి.