హెచ్-4 మీద ఫ్లైట్ ఎక్కే ముందు

హెచ్-4 అంటే, అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న భర్త వెంట వెళ్లే భార్యకిచ్చే వీసా. పెట్టెకు 23 కిలోలని తూకం వేసి మరీ సర్దుతాం. గోంగూర పచ్చడి డబ్బాకు నాలుగు చుట్లు టేపు వేస్తాం. అమెరికాలో దిగాక భర్త "ఇటివ్వు, పోగొడతావ్" అనగానే పాస్‌పోర్టు మాత్రం చేతిలో పెట్టేస్తాం. మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయిది ఏడాదిన్నర ఆయన ఆఫీసు బ్యాగులోనే ఉండిపోయింది.

అందుకే పాస్‌పోర్టు, వీసా, పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీ పట్టాలు ఇక్కడే ఫొటోలు తీసి, ఆయనకు పాస్‌వర్డ్ తెలియని మెయిల్లో పెట్టుకోండి. దిగాక ఐ-94 (ఎప్పుడు వచ్చారో, ఎన్నాళ్లు ఉండొచ్చో చూపే రికార్డు) కూడా. పాస్‌పోర్టు దాచేస్తే కొత్తదానికి మన కాన్సులేట్‌లో అడగొచ్చు. కాపీలుంటే పని తేలిక.

"వీసా క్యాన్సిల్ చేయించి ఇండియా పంపేస్తా." ఎక్కువగా వినపడే బెదిరింపు ఇదే. ఇందులో సగం నిజం ఉంది. హెచ్-4 ఆయన హెచ్-1బి మీదే నిలబడుతుంది, విడాకులు మంజూరైతే పోతుంది. అంతేగానీ కొట్టాడని పోలీసులకు ఫోన్ చేసినంత మాత్రాన పోదు. విడాకుల కాగితాల మీద సంతకం అడిగితే ఆగండి. ముందు మీకంటూ ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. ఆయన లాయర్ మీ లాయర్ కాదు.

హింసించే భర్త సిటిజనో, గ్రీన్‌కార్డు హోల్డరో అయితే 1994 నాటి వావా (మహిళలపై హింసను అరికట్టే అమెరికా చట్టం) ఉంది. దాని కింద గ్రీన్‌కార్డుకు దారితీసే ఐ-360 దరఖాస్తు మీరే వేసుకోవచ్చు, ఆయన సంతకం అక్కర్లేదు, వేసిన సంగతి అధికారులు ఆయనకు చెప్పకూడదు. హెచ్-1బి వాళ్ల భార్యలకు ఆ దారి లేదు. మన పిల్లల్లో ఎంతోమంది వెళ్లేది హెచ్-4 మీదే కదా, నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. వాళ్లకు మిగిలేవి రెండు. ఒకటి, హింసకు ఆధారాలు చూపించి వర్క్ పర్మిట్ అడగడం (ఫారం ఐ-765వి). రెండోది నేరానికి బలైనవాళ్లకిచ్చే యూ వీసా. దీనికి దర్యాప్తులో సహకరించారని పోలీసులో, ప్రాసిక్యూటరో రాసివ్వాలి. ఏడాదికి ఇచ్చేది 10,000 మాత్రమే, కాబట్టి ఏళ్ల తరబడి క్యూ. కోర్టు నుంచి ప్రొటెక్షన్ ఆర్డర్ తెచ్చుకోవడానికి మాత్రం ఏ వీసా అని చూడరు.

అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేస్తే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అనండి. పోలీసులు వచ్చాక, పరువు పోతుందని "నేనే జారిపడ్డాను" అనకండి. ఆ మాటే రిపోర్టులోకి ఎక్కుతుంది. రిపోర్టు నంబరు అడిగి రాసుకోండి.

పిల్లల్ని ఆయనకు చెప్పకుండా ఇండియా తీసుకొచ్చేస్తే అక్కడ మీ మీదే కిడ్నాప్ కేసు పడొచ్చు. టికెట్ కొనేముందే లాయర్‌ని అడగండి.

మిమ్మల్ని పుట్టింట్లో దింపి, అమెరికాలో ఒంటరిగా విడాకులు తెచ్చుకునే ఘనులూ ఉన్నారు. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో, మిస్సోరి కోర్టు ఇచ్చిన అలాంటి విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. వేధింపుల కేసు పుట్టింటి ఊళ్లోనే పెట్టొచ్చని 2019లో చెప్పింది.

అమెరికాలో గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. ఆయన ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న ఫోన్‌తో చేయకండి, ఆ నంబరు ఆయన కంట పడొచ్చు. లైబ్రరీలోనో, గుళ్లో తెలిసినవాళ్ల దగ్గరో ఫోన్ అడగండి.